గద్వాల చీర, మంగళగిరి నూలు చీర ఇంట్లో ఉతకవచ్చా?

మల్లెపందిరి (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. మా అత్తగారి చీరలు కొన్ని ఉతకాల్సి వచ్చింది. రెండు గద్వాల చీరలు (మధ్యలో నూలు, అంచూ కొంగూ పట్టు), ఒక ధర్మవరం పట్టుచీర, ఇంకా నీళ్ళు తగలని కొత్త మంగళగిరి నూలు చీరలు. పోయిన సంక్రాంతి తరువాత ఇలాగే ఒక పట్టుచీర డ్రైక్లీనింగుకు ఇస్తే నడుము దగ్గరి చెమట మరక అలాగే ఉంచి, జరీ మెరుపు మాత్రం తీసేసి ఇచ్చారు. అడిగితే "పాత చీర కదమ్మా, అంతే" అని తేల్చేశారు. అందుకని ఈసారి ఇంట్లోనే ఉతుకుదామని ఉంది. మాది బోరు నీళ్ళు, గిన్నెల మీద తెల్లటి పొర కడుతుంది. వాషింగ్ మెషీనులో ‘సిల్క్’ అని ఒక మీట ఉంది, దాన్ని నమ్మవచ్చా? రంగు పోకుండా ఉప్పు వేయమని కొందరు, వెనిగర్ వేయమని కొందరు అంటున్నారు. తెలిసినవారు చెప్పండి.

కుంపటి
పట్టుకు నీళ్ళు చూపించకండి. డ్రైక్లీనింగు ఒక్కటే దారి. ఒక దుకాణం సరిగా చేయకపోతే ఇంకో దుకాణానికి వెళ్ళాలి కానీ, అంత ఖరీదైన చీర మీద ప్రయోగాలేమిటండీ?

పడుగూపేకా (గద్వాల)
కుంపటి గారూ, నీళ్ళు పడకపోతే పట్టుచీర పుట్టనే పుట్టదు. పట్టుకాయలను వేడినీళ్ళలో వేస్తేనే దారం వస్తుంది. ఆ దారాన్ని సబ్బు, సోడా కలిపి ఉడికించి జిగురు పోగొడతారు. ఆపైన కాగే రంగునీళ్ళలో ముంచుతారు. ఇన్ని స్నానాలయ్యాకే అది మగ్గం ఎక్కుతుంది. తరువాత ఇంట్లో పాడయ్యేది మనం నీళ్ళతో కలిపి చేసే పనుల వల్ల. గంటల తరబడి నానబెడతాం, బ్రష్షుతో తోముతాం, తువ్వాలును పిండినట్టు మెలిపెడతాం, మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆరేస్తాం.

మల్లెపందిరి గారూ, మాది నేత కుటుంబం, గద్వాల చీర గురించి మాత్రం కొంచెం ధైర్యంగా చెప్పగలను. ఆ చీరలో నూలు పడుగు (నిలువు పోగులు) వేరు, అంచు పట్టు పడుగు వేరు. రెండూ కలిసే చోట పేక పోగులను (అడ్డ పోగులను) ఒకదానిలో ఒకటి మెలివేసి నేస్తారు. చీర తిరగేసి వేలితో తడిమితే ఆ గీత సన్నటి గట్టులా తగులుతుంది. చీర పాతబడ్డాక చాలాసార్లు చీలిక మొదలయ్యేది అక్కడే. కాబట్టి ఉతికే ముందు వెలుతురులో చీరను పైకెత్తి ఆ గీత పొడవునా చూడండి. ఎక్కడైనా పోగులు విడిపోయి వెలుతురు కనబడితే ముందు అక్కడ సన్నటి సూదితో కుట్టించండి, నీళ్ళ సంగతి ఆ తరువాత.

ఇంకో విషయం. మగ్గం మీద బిగువుగా ఉన్న నూలు మొదటిసారి తడిసినప్పుడు సడలి కాస్త కుదించుకుంటుంది. పట్టు అంతగా కుదించుకోదు. దాంతో మధ్య భాగం పొట్టిదై, అంచు పొడవు మిగిలి వంకీలు తిరుగుతుంది. "ఉతికితే చీర చెడిపోయింది" అంటూ మా దగ్గరకు తెచ్చేవి ఎక్కువగా ఇలాంటివే. నిజానికి చెడిపోయిందేమీ ఉండదు. చీర ఇంకా చెమ్మగా ఉండగానే ఇద్దరు చెరో కొసా పట్టుకుని, నూలు భాగాన్ని పిడికిళ్ళతో పట్టి పొడవునా మెల్లగా లాగాలి. అంచును లాగకూడదు. తరువాత ఆ చెమ్మ మీదే నూలును ఇస్త్రీ చేస్తే అంచు మళ్ళీ చక్కబడుతుంది.

రసాయనం మాస్టారు (విశాఖపట్నం)
పడుగూపేకా గారి మాటకు నా వంతు కలుపుతాను. నూలు తడిస్తే బలం పెరుగుతుంది, పట్టు తడిస్తే తగ్గుతుంది. చాకిరేవులో బండకేసి బాదినా నూలు పంచె తట్టుకుంటుంది, అదే దెబ్బకు పట్టు పోగు తెగుతుంది. కారణం ఇదే. తడి పట్టును ఎత్తేటప్పుడు కూడా ఒక కొస పట్టుకుని లాగకండి, రెండు చేతులూ కింద పెట్టి మొత్తంగా ఎత్తండి. తడిసిన చీర బరువంతా ఆ ఒక్క కొస మీద పడితే జరీ ఉన్నచోట బట్ట సాగిపోతుంది.

పట్టు మాంసకృత్తు, మన జుట్టు లాంటిది. నూలు చెట్టు పీచు. బట్టల సోడా ఉన్న ఘాటు పొడులకు నూలు చలించదు, పట్టు మాత్రం మెరుపు పోయి గరుకు తేలుతుంది. ఇప్పటి సబ్బుపొడుల్లో మరకలు తినే ఎంజైములు కలుపుతున్నారు. వాటిలో ప్రోటియేజ్ అనేది రక్తం, పాలు, గుడ్డు మరకల్లోని మాంసకృత్తును విరగ్గొడుతుంది. పట్టు కూడా మాంసకృత్తే కనుక దాన్నీ వదలదు. డబ్బా మీద ‘ఎంజైములు’ అని ఉంటే పట్టు కోసం ఆ డబ్బా తెరవకండి. క్లోరిన్ బ్లీచ్ అయితే సరేసరి, పట్టును ఏకంగా కరిగిస్తుంది.

బోరు నీళ్ళ గురించి అడిగారు. కఠిన జలంలో మామూలు సబ్బు కాల్షియంతో కలిసి నీళ్ళలో కరగని తెట్టుగా మారుతుంది. అది పోగుల మధ్య పేరుకుంటే ఎన్నిసార్లు జాడించినా చీర మబ్బుగానే ఉంటుంది. కుంకుడుకాయకు ఈ బాధ లేదు. దాని నురుగు సపోనిన్ల వల్ల వస్తుంది, పైగా ఆ రసం కాస్త ఆమ్ల గుణం కలది, పట్టుకు సరిపడుతుంది. కుదిరితే చివరి జాడింపుకైనా ఫిల్టరు నీళ్ళో వాననీళ్ళో వాడండి.

డ్రైక్లీనింగులో వాడేది నీళ్ళు కావు, పెర్‌క్లోరోఇథిలీన్ లాంటి ద్రావకమో పెట్రోలియం ద్రావకమో. మనవాళ్ళు పెట్రోల్ వాష్ అనడం అందుకే. నూనె, నెయ్యి, లిప్‌స్టిక్ దానిలో కరుగుతాయి. చెమటలోని ఉప్పు, పానకంలోని బెల్లం కరగవు. ఆ దుకాణం వాళ్ళు ద్రావకంలో తిప్పి ఇచ్చి ఉంటారు, నీటితో పోవలసిన మరక మీద విడిగా పని చేసి ఉండరు. ఈసారి ఇచ్చేటప్పుడు మరకను వేలు పెట్టి చూపించి, ఇది చెమట అని చెప్పి ఇవ్వండి.

బామ్మగారి మనవడు (తెనాలి)
కుంకుడు రసం విషయంలో ఒక జాగ్రత్త. కాయలు కొట్టి గింజలు తీసేసి, వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, పల్చటి బట్టలో వడకట్టాలి. పొట్టు ముక్క ఒక్కటి మిగిలినా పట్టు మీద గోధుమరంగు చుక్కగా తేలుతుంది. తెల్ల పట్టు పంచెలకు మాత్రం కుంకుడు వద్దు, కొంచెం పసుపుచాయ వస్తుంది.

ఇక రంగు సంగతి. మా ఇంట్లో కొత్త నూలు చీర ఏదైనా సరే, ముందు రాళ్ళ ఉప్పు వేసిన నీళ్ళలో రాత్రంతా ఉంచుతాం. రంగు గట్టిపడుతుంది.

రసాయనం మాస్టారు
మనవడు గారూ, ఉప్పు రంగును గట్టిపరచదు. బకెట్టులో ఉప్పు ఉన్నంతసేపు రంగు నీళ్ళలోకి రావడం తగ్గుతుంది, అంతే. నీళ్ళు తేటగా కనబడేసరికి పని అయిపోయిందనుకుంటాం. నూలుకు ఇప్పుడు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగుల్లో పోగుకు అతుక్కోని మిగులు రంగు కొంత ఉంటుంది. అది ఎలాగూ బయటకు పోవలసిందే. ఉప్పు వేస్తే ఈ రోజు పోవలసింది వచ్చే ఉతుకుకు వాయిదా పడుతుంది, అప్పుడు పక్కన తెల్ల చొక్కా ఉంటే దాని గతి చెప్పనక్కరలేదు. విడిగా, ఎక్కువ నీళ్ళలో, నీళ్ళు తేటపడేదాకా జాడించడమే మంచిది.

వెనిగర్ కూడా నూలు రంగుకు పనికిరాదు. పట్టుకు వేసే ఆమ్ల రంగులకు కొంత సాయం చేస్తుంది, చివరి బకెట్టులో ఒక చెంచా వేస్తే మెరుపూ వస్తుంది. జరీ ఉంటే అదీ మానేయండి. రాగి తీగతో చేసిన జరీకి పులుపు మంచిది కాదు.

బామ్మగారి మనవడు
మా బామ్మ వింటే మీతో వాదం వేసుకుంటుంది మాస్టారూ. నేను మాత్రం ఈసారి రెండు చీరలు కొన్నప్పుడు ఒకటి ఉప్పుతో, ఒకటి ఉప్పు లేకుండా ఉతికి చూస్తాను.

డల్లాస్ కోడలు
ఇక్కడ కుంకుడుకాయలు దొరక్క కాదు, ప్రకృతి సబ్బు అని పేరు పెట్టి బంగారం ధరకు అమ్ముతున్నారు. నేను పట్టుకు పిల్లల షాంపూ వాడతాను, జుట్టుకు సరిపడేది పట్టుకూ సరిపడుతుంది. నూలు కుర్తాలకు రంగు పట్టే కాగితాలు దొరుకుతాయి. బట్టలతో పాటు మెషీనులో వేస్తే కారిన రంగును కొంతవరకు పీల్చేస్తాయి. ఇక్కడి అక్కచెల్లెళ్ళకు ఒక్క మాట. చేనేత నూలును డ్రయ్యరులో వేయకండి. మంగళగిరి కుర్తా వేసి, మా ఆయనది మా అబ్బాయికి సరిపోయేటట్టు తీసిన వాళ్ళు నాకు తెలుసు.

మెషీనులో ‘సిల్క్’ మీట గురించి: పట్టు స్కార్ఫుకు, జరీ లేని దుపట్టాకు సంచీలో వేసి వాడతాను. జరీ చీరకు వాడను. నీళ్ళ కంటే చివర్లో గిరగిరా తిప్పి పిండే భాగంతోనే భయం, జరీ పోగు ఒక్కటి లేచిందంటే ఆ చుట్టుపక్కల బట్టంతా ముడుచుకుపోతుంది.

మల్లెపందిరి
అందరికీ ధన్యవాదాలు. తెల్ల బట్ట తడిపి ప్రతి చీరకూ లోపలి కొస మీద అద్ది చూశాను. మొదటి గద్వాల చీర (లేత ఆకుపచ్చ) ఏమీ వదలలేదు. రెండోదానికి నెమలికంఠం రంగు నూలు, కుంకుమరంగు అంచు. నూలు శుభ్రంగా ఉంది కానీ అంచు దగ్గర గుడ్డ ఎర్రబడింది. మంగళగిరి నీలం చీర గుడ్డను బాగానే నీలం చేసింది. ధర్మవరం చీరకు అసలు అద్దలేదు, జరీ చూసి చేతులు రాలేదు.

పడుగూపేకా (గద్వాల)
మంచి పని చేశారు. లేత ఆకుపచ్చది ఇంట్లో ఉతకండి. చల్లటి నీళ్ళు, చీర తేలేటన్ని. వడకట్టిన కుంకుడు రసం కలిపి, చీరను మడతలు విప్పి ముంచి, చేతులతో పైకీ కిందికీ ఆడించాలి. నానబెట్టడం ఉండదు, ముంచాక పక్కకు వెళ్ళి ఫోను మాట్లాడటం ఉండదు. రెండు మూడు నీళ్ళు మార్చి జాడించి, పిండకుండా పెద్ద తెల్ల తువ్వాలు మీద పరిచి చాపలా చుట్టి అదమండి. నీరంతా తువ్వాలు పీల్చుకుంటుంది. నీడపట్టున, గాలి ఆడే చోట, తాడు గీత పడకుండా లావుపాటి వెదురు మీద ఆరవేయండి. కొంగుకు కుచ్చులుంటే ముందే ఒక గుడ్డలో మూటకట్టి దారంతో బిగించండి, లేకపోతే విడదీసేటప్పటికి తెల్లవారుతుంది.

నెమలికంఠం చీరను ముంచకండి. అంచు వదిలే ఎరుపు మధ్యలోని నూలుకు పట్టిందంటే దాన్ని తీయడం మాలాంటి వాళ్ళకూ కాదు. చాలామంది రంగు నీళ్ళలోనే అంటుతుందనుకుంటారు. అసలు ప్రమాదం తరువాత ఉంటుంది. తడిచీరను కుప్పగా పెట్టినప్పుడు అంచు వచ్చి మధ్య భాగం మీద పడుకుంటుంది, ఆ పది నిమిషాల్లో ఎర్రటి చారలు పడతాయి. దానికి నడుము దగ్గర, కుచ్చిళ్ళ దగ్గర మాత్రమే తడిగుడ్డతో అద్ది, కింద పొడిగుడ్డ పెట్టి ఆరబెట్టండి.

ధర్మవరం విషయంలో నేను కుంపటి గారి పక్షం. అంత జరీ బరువున్న చీరను బకెట్టులో ముంచమని నేనూ చెప్పను. అసలైన జరీ అంటే పట్టుదారం మీద వెండి రేకు చుట్టి బంగారు పూత పూసినది. తడిసి సరిగా ఆరకపోతే నల్లబడుతుంది. మరక లేకపోతే దానికి ఉతుకే అక్కరలేదు. కట్టి విప్పిన రాత్రి ఫ్యాను కింద చెమ్మ ఆరేదాకా పరచి, మరునాడు మడతపెడితే చాలు. చెమట ఆరకముందే బీరువాలో పెట్టేసే చీరలే ముందుగా చిరుగుతాయి.

కుంపటి
చూశారా, నేను చెప్పలేదూ!

మల్లెపందిరి
మరి మంగళగిరి చీరలకు గంజి? మా వీధిలో రోల్ పాలిష్ చేసేవాళ్ళు ఉన్నారు. ప్రతిసారీ వాళ్ళకే ఇవ్వాలా?

బామ్మగారి మనవడు (తెనాలి)
మంగళగిరి మాకు పక్కనే కదండీ, ఇది నన్ను చెప్పనివ్వండి. రోల్ పాలిష్ పెళ్ళికో పండగకో సరే, చీర కాగితంలా నిలబడుతుంది. రోజూ కట్టే చీరకు అంత బిగువు అక్కరలేదు. అన్నం వార్చిన గంజి అన్నిటికన్నా మెత్తగా పడుతుంది. కుక్కర్లు వచ్చాక వార్చేవాళ్ళు తగ్గారు కనుక సగ్గుబియ్యం నానబెట్టి, నీళ్ళు పోసి, గాజులా పారదర్శకంగా మారేదాకా కాచి వడకట్టండి. గోరువెచ్చగా ఉండగా నీళ్ళు కలిపి పల్చన చేయాలి. చిక్కగా వేస్తే ముదురు రంగు చీర మీద బూజు పట్టినట్టు తెల్లటి మచ్చలు తేలతాయి. నీలం, నలుపు చీరలను తిరగవేసి గంజి పెట్టి, తిరగవేసే ఆరవేయండి. పూర్తిగా ఎండాక ఇస్త్రీ చేయకండి. నీళ్ళు చిలకరించి చుట్టి ఒక అరగంట ఉంచి, ఆ చెమ్మ మీద చేస్తే చలువ మడత నిలుస్తుంది. నిజాం అంచు జరీ మీద మాత్రం గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టండి. ఇప్పుడు చాలా చీరలకు వచ్చేది ప్లాస్టిక్ జరీ, పెట్టె వేడెక్కితే ముడుచుకుపోతుంది.

ఒక సంగతి మరచిపోవద్దు. నెలల తరబడి లోపల పెట్టే చీరకు గంజి ఉండకూడదు. గంజి కోసం పురుగు వస్తుంది, దానితోపాటు బట్టనూ తింటుంది. మడత దగ్గర పోగులు విరగడం కూడా గంజి చీరల్లోనే ఎక్కువ.

గోరుముద్ద
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా చెల్లి పెళ్ళి మధుపర్కాలకు పసుపు అంటింది. సబ్బు పెట్టగానే ఎర్రగా మారింది! ఇల్లంతా గొల్లుమన్నారు.

రసాయనం మాస్టారు
కంగారు పడకండి. పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పసుపూ సున్నమూ కలిస్తే పారాణి ఎర్రగా వచ్చేదీ అందుకే. సబ్బు పూర్తిగా జాడిస్తే మళ్ళీ పసుపుకే వస్తుంది. మధుపర్కాలు నూలువైతే తడిగా ఎండలో ఆరేయండి. కర్‌క్యుమిన్ ఎండకు నిలవదు, రెండు మూడు ఎండలకు వెలిసిపోతుంది. తెల్ల పట్టుకు ఈ వైద్యం చేయకండి. పసుపు పోతుంది కానీ ఎండకు పట్టే పచ్చబడుతుంది, అది మళ్ళీ తెల్లబడదు.

అద్దకం (పెడన)
మరకలు అనగానే నిమ్మకాయ పట్టుకొచ్చేవారికి నా మనవి. కలంకారీ బట్ట మీద నిమ్మరసం వద్దు. మా నలుపు రంగు కరక్కాయ పట్టించిన బట్ట మీద బెల్లంలో ఊరిన ఇనుప నీళ్ళతో వస్తుంది. పులుపు తగిలితే ఇనుము కరిగి ఆ గీత మాయమవుతుంది. నెమలి బొమ్మకు కన్ను పోయిన దుపట్టాలు నేను చూశాను. సహజ రంగుల్లో పసుపుపచ్చ అన్నిటికన్నా ముందు వెలుస్తుంది కాబట్టి నీడలోనే ఆరవేయండి. మొదటి ఉతుకులో బట్టకున్న కరక్కాయ దిగి నీళ్ళు పసుపుగా వస్తాయి, దాన్ని చూసి దుకాణం వాడితో గొడవకు దిగకండి.

మల్లెపందిరి
ఇంత చెప్పారు, దాచడం కూడా చెప్పండి. మా బీరువా నిండా కలరా ఉండలే.

పడుగూపేకా (గద్వాల)
వాటి వాసన ఒకసారి పట్టుకుంటే పేరంటానికి వెళ్ళినా వదలదు. ఎండు వేపాకో వసకొమ్ములో లవంగాలో పల్చటి గుడ్డలో కట్టి మూలన పెట్టండి, చీరకు నేరుగా తగలకూడదు. దుకాణం ప్లాస్టిక్ కవరు తీసేసి, ఉతికిన పాత తెల్ల పంచెలో చుట్టండి. రబ్బరు బ్యాండు వేసి ఉంటే వెంటనే తీయండి, రబ్బరులోని గంధకం వెండి జరీని నల్లగా చేస్తుంది. మూడు నాలుగు నెలలకొకసారి తీసి, పాత మడత గీత మీద మళ్ళీ మడవకుండా చోటు మార్చండి. జరీ లోపలికి వచ్చేలా మడవాలి. బరువు చీరలను హ్యాంగరుకు వేలాడదీయకండి.

మరొకటి. సిల్క్ మార్క్ చీటీ చూసి జరీ కూడా అసలుదేనని అనుకుంటున్నారు చాలామంది. 2004 నుంచి ఉన్న ఆ గుర్తు పట్టు స్వచ్ఛతకే హామీ. జరీ మాట దానిలో లేదు. జరీ ఏదో తెలియకపోతే ప్లాస్టిక్ జరీ అనుకుని ఇస్త్రీ వేడి తగ్గించడం క్షేమం.

సూదీదారం (రాజమహేంద్రవరం)
దర్జీ పని చేసేవాణ్ణి, జాకెట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. చీర కంటే జాకెట్టు ముందు చిరుగుతుంది, చంకల చెమట వల్ల. లైనింగు గుడ్డను, ఫాల్‌ను కుట్టకముందే నీళ్ళలో ముంచి ఆరేసి ఇవ్వండి. అలా చేయకపోతే మొదటి ఉతుకులో లైనింగు కుదించుకుని పట్టు బుడగలు తేలుతుంది, దాని రంగు చెమటకు దిగి పైకి కనిపిస్తుంది. వేడుక అయిన రాత్రే జాకెట్టు తిరగేసి చంకల దగ్గర తడిగుడ్డతో తుడవండి. ఇనుప హుక్కులు తుప్పు పడతాయి, కుట్టేవారిని అడిగి ఇత్తడివి వేయించుకోండి.

కుంపటి
మాస్టారూ, ఒక చిన్న సందేహం. మొన్న గృహప్రవేశంలో నా పట్టుపంచె మీద పాయసం ఒలికింది. డ్రైక్లీనింగుకు ఇచ్చాను, పోలేదు. ఇస్త్రీ పెట్టేసరికి గోధుమరంగుకు తిరిగింది.

రసాయనం మాస్టారు
నెయ్యి పోయి ఉంటుంది కుంపటి గారూ, మిగిలింది చక్కెరా పాలూ. వేడి తగిలి చక్కెర మాడింది. అవి నీళ్ళకే లొంగుతాయి. మరక కింద తెల్లగుడ్డ పెట్టి, చల్లటి నీళ్ళలో రెండు చుక్కల పిల్లల షాంపూ కలిపి, దూదితో అంచు నుంచి లోపలికి అద్దండి. రుద్దకండి. మరక చుట్టూ వలయం మిగలకుండా చివర్లో పంచె మొత్తం ఒకసారి మంచినీళ్ళలో ముంచి తీయండి. పూర్తిగా పోతుందని చెప్పను, చాలావరకు తేలికపడుతుంది. మరక ఉన్నంతకాలం మాత్రం ఇస్త్రీపెట్టె దగ్గరకు రానీయకండి.